మోటర్‌హోమ్ వెనక కారు: టో బారా, డాలీయా, ట్రైలరా?

అమెరికాలో మోటర్‌హోమ్ కొన్నవాళ్లకి మొదటి ఒకటి రెండు ట్రిప్పుల్లోనే ఒక ఇబ్బంది తెలిసొస్తుంది. ముప్పై అడుగుల బండిని క్యాంప్‌గ్రౌండ్‌లో నిలబెట్టి, కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం అన్నీ తగిలించాక, పాలు కావాలంటే అవన్నీ విప్పుకుని బయల్దేరాలి. నేషనల్ పార్కుల్లో అయితే అంత బండికి పార్కింగ్ దొరకడమే కష్టం. అందుకే వెనక ఓ కారు తగిలించుకుని వెళ్తారు.

కారుని తీసుకెళ్లే పద్ధతులు మూడు. నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి టో బార్‌తో (కారుని బండికి కలిపే కడ్డీ) లాగడం, ముందు చక్రాలు రెండూ డాలీ అనే చిన్న రెండు చక్రాల బండి మీదికి ఎక్కించడం, కారు మొత్తాన్ని ట్రైలర్ మీద పెట్టడం. షాపుకి వెళ్తే మాట ఏ కంపెనీ టో బార్ అన్న దగ్గర మొదలవుతుంది. కానీ ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: మీ కారు ఏది, మీ హిచ్ (లాగడానికి బండి వెనక బిగించే భాగం) ఎంత లాగగలదు. ఈ రెండూ తేలితే మూడింట్లో ఒకటో రెండో వాటంతటవే పక్కకి పోతాయి.

కారు ఒప్పుకుంటుందా?

కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో ‘రిక్రియేషనల్ టోయింగ్’ అనో ‘డింగీ టోయింగ్’ అనో ఒక పేజీ ఉంటుంది. అది చదవండి. ‘ట్రైలర్ టోయింగ్’ పేజీ వేరు, అది మీ కారు ఇంకోదాన్ని లాగడం గురించి. దారిలో ఆగిపోతే ఎలా లాక్కెళ్లాలో చెప్పే పేజీ కూడా వేరే. కొద్ది మైళ్ల దూరం, తక్కువ స్పీడు అని అక్కడ రాసి ఉంటే దాన్ని హైవే మీద రోజంతా లాగడానికి అనుమతి అనుకోకూడదు.

కొన్ని కార్లు ఎందుకు పనికిరావంటే, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో నూనెని తిప్పే పంపు ఇంజిను నడిస్తేనే నడుస్తుంది. ఇంజిను ఆపేసి న్యూట్రల్‌లో లాగితే చక్రాలతో పాటు గేర్‌బాక్స్ లోపలి భాగాలు తిరుగుతూనే ఉంటాయి, నూనె మాత్రం అందదు. కొంత దూరం పోయేసరికి గేర్‌బాక్స్ మాడిపోతుంది. పైకి ఏ శబ్దమూ రాదు, మోటర్‌హోమ్ నడిపేవాళ్లకి తెలియనే తెలియదు.

ఈ పనికి అందరూ జీప్ రాంగ్లర్ కొనడానికి కారణం ఇదే. అందులో ట్రాన్స్‌ఫర్ కేస్‌ని (గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే భాగం) న్యూట్రల్‌లో పెట్టే వీలుంది. అలా పెడితే చక్రాలకీ గేర్‌బాక్స్‌కీ సంబంధం తెగిపోతుంది. ఫోర్డ్ ఎఫ్-150 ఫోర్ వీల్ డ్రైవ్‌లోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. 2014 వరకూ వచ్చిన హోండా సీఆర్‌-వీలు కూడా పనికొస్తాయి, పాతవి కొనుక్కుని దీనికోసమే ఉంచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2015 నుంచి విడివిడి గేర్లు లేని సీవీటీ రకం గేర్‌బాక్స్ వచ్చింది, దాంతో ఆ సౌకర్యం పోయింది. ఒకే పేరున్న కారు ఒక ఏడాది పనికొచ్చి మరుసటి ఏడాది పనికిరాకపోవచ్చు. కాబట్టి మీ ఏడాది, మీ ఇంజిను, మీ గేర్‌బాక్స్ మూడూ సరిపోయే మాన్యువలే చూడాలి.

మన తెలుగువాళ్ల గరాజ్‌లలో ఎక్కువగా కనబడేవి టొయోటా సియెన్నా, క్యామ్రీ, ఆర్‌ఏవీ4, టెస్లా మోడల్ వై. నాలుగు చక్రాలు నేల మీద పెట్టి లాగడానికి ఇవేవీ పనికిరావు. 2021 నుంచి సియెన్నా అంతా హైబ్రిడ్డే, అదీ ఇలా లాగడానికి కుదరదు. టెస్లాలో చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది, వేడెక్కుతుంది, అందుకే ఏ చక్రమూ నేలకి తగలకూడదని కంపెనీ స్పష్టంగా రాసింది. అంటే దానికి డాలీ కూడా కుదరదు.

హిచ్ అంకెలు

హిచ్ మీద 5,000 పౌండ్లు అని స్టిక్కర్ ఉంది కదా, మన కారు 4,400 పౌండ్లే కదా అని లెక్క అక్కడితో ఆపేస్తారు చాలామంది. ఇంకో అంకె ఉంది. బండీ, వెనక లాగేదీ కలిపి ఎంత ఉండొచ్చో ఛాసిస్ కంపెనీ చెప్పే మొత్తం బరువు, జీసీడబ్ల్యూఆర్. ఫోర్డ్ ఈ-450 మీద కట్టిన క్లాస్ సీ (వ్యాన్ ముందు భాగం ఉన్న మధ్యరకం) మోటర్‌హోమ్‌లు ఎన్నో 14,500 పౌండ్ల సొంత బరువు పరిమితి, 22,000 పౌండ్ల ఉమ్మడి పరిమితితో వచ్చాయి. బండి నిండుగా ఉంటే మిగిలేది 7,500. కానీ వెనక బిగించిన హిచ్ 5,000దే అయితే మీ పరిమితి 5,000. అటుదీ ఇటుదీ చూసి ఏది తక్కువో అదే లెక్క.

బండి అసలు బరువు బ్రోషర్‌లో చూసి నమ్మొద్దు. 40 గ్యాలన్ల నీళ్ల ట్యాంకు నింపితేనే 330 పౌండ్లు పైన పెరుగుతుంది. దాని మీద బియ్యం మూట, గ్రైండరు, సైకిళ్లు, నలుగురు మనుషులు. ప్రయాణానికి సిద్ధమైన బండిని హైవే పక్క ట్రక్ స్టాప్‌లో ఉండే క్యాట్ స్కేల్ మీద ఒకసారి తూకం వేయించండి. పట్టేది కొద్ది నిమిషాలు, ఖర్చూ పెద్దగా కాదు.

రిసీవర్ (హిచ్‌లో ఉండే చతురస్రపు గొట్టం), దాంట్లో పెట్టే ఎత్తు సరిచేసే అడాప్టర్, టో బార్, కారు వైపు ఉండే బేస్ ప్లేట్, సేఫ్టీ కేబుల్స్, ఇవన్నీ ఒక గొలుసు. పది వేల పౌండ్ల టో బార్ కొని ఐదు వేల పౌండ్ల అడాప్టర్‌లో పెడితే మీ దగ్గరున్నది ఐదు వేల పౌండ్ల ఏర్పాటే.

మూడింట్లో ఏది?

ట్రైలర్ దేన్నైనా మోస్తుంది, టెస్లాని కూడా. వెనక్కి తీయడానికి వీలున్నది కూడా ఇదొక్కటే. చిక్కల్లా బరువుతోనే. అద్దెకి దొరికే కారు ట్రైలర్ ఖాళీగానే 2,200 పౌండ్ల దాకా ఉంటుంది. దాని మీద 4,400 పౌండ్ల మోడల్ వై ఎక్కిస్తే 6,600 అయింది, 5,000 హిచ్‌కి అది కుదరని పని. పైగా ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద కిందికి నొక్కుతుంది. వెనక ఇరుసు దాటి బండి బాగా పొడుగ్గా సాగిన మోటర్‌హోమ్‌లకి ఆ బరువు ముందు చక్రాలని తేలిక చేస్తుంది, స్టీరింగ్ తేలిపోయినట్టు ఉంటుంది. డీజిల్ పుషర్ (వెనక డీజిల్ ఇంజినున్న పెద్ద మోటర్‌హోమ్) ఉన్నవాళ్లు, ఖరీదైన కారో పాతకాలపు కారో తీసుకెళ్లేవాళ్లు తప్ప మిగతావాళ్లు దీన్ని పక్కన పెట్టొచ్చు.

డాలీ ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లకి. క్యామ్రీ, సివిక్ లాంటివి ఉండి కొత్త కారు కొనే ఉద్దేశం లేకపోతే దీని గురించి ఆలోచించాలి. 500 నుంచి 750 పౌండ్ల బరువు, కారుకి ఏమీ బిగించక్కర్లేదు, అద్దెకీ దొరుకుతుంది. ఆల్ వీల్ డ్రైవ్ అయితే వెనక చక్రాలు నేల మీద తిరుగుతాయి కాబట్టి వద్దు. ఇబ్బందులు వాడకంలో తెలుస్తాయి. చక్రాల మీద బిగించే పట్టీలు కొద్ది మైళ్లకే వదులవుతాయి, ఆగి మళ్లీ బిగించాలి. వానలో, బురదలో నేల మీద కూర్చుని పట్టీలు లాగాలి. క్యాంప్‌గ్రౌండ్‌కి చేరాక ఖాళీ డాలీని ఎక్కడ పెట్టాలన్నది రోజూ ఉండే తలనొప్పి. కొన్ని రాష్ట్రాల్లో దానికీ నంబర్ ప్లేట్ ఉండాలి. ఏడాదికి ఒకట్రెండు ట్రిప్పులే అయితే ఇవన్నీ భరించొచ్చు.

కారు ఒప్పుకుంటే మాత్రం టో బారే. హిచ్ మీద కిందికి పడే బరువు దాదాపు ఉండదు. అలవాటైతే పది నిమిషాల్లో తగిలించొచ్చు, అంతకన్నా తక్కువలో విప్పొచ్చు. ఖర్చు ఎక్కువ: టో బార్, బేస్ ప్లేట్, బ్రేకు, వైరింగ్, బిగింపు కూలి అన్నీ కలిసి సుమారు 3,500 నుంచి 5,500 డాలర్ల మధ్య తేలుతుంది. అందులో బేస్ ప్లేట్, వైరింగ్ ఆ కారుకే అంకితం, కారు మార్చితే మళ్లీ కొనాలి.

అద్దె మోటర్‌హోమ్‌లో వెళ్తుంటే ఇదంతా పక్కన పెట్టి ముందు ఒప్పందం చదవండి. వెనక ఏదీ తగిలించకూడదన్న షరతు వాటిలో మామూలే. అప్పుడు చేరే ఊళ్లో కారు అద్దెకి తీసుకోవడమే చవక.

టో బార్‌లలో తేడాలు

అన్నిటికన్నా చవక గట్టి ఏ-ఫ్రేమ్ బార్, రెండు చేతులు కదలకుండా బిగించి ఉండేది. కారుని అంగుళం తేడా లేకుండా తెచ్చి నిలబెడితే తప్ప తగలదు. ఒక్కరే ఉంటే చుక్కలు కనిపిస్తాయి. కారుని ఒకసారి ఇల్లు మారేటప్పుడు తీసుకెళ్లడానికి సరే.

తర్వాతిది సాగే చేతులున్న బార్. వీటిలో మోటర్‌హోమ్ వైపు ఉండిపోయే రకం తీసుకోండి. విప్పాక బండి వెనకే మడతపెట్టుకుని ఉంటుంది, కారు ముక్కు మీద బరువు వేలాడదు. చేతులు పూర్తిగా సాగకుండా, వదులుగా ఉన్నప్పుడే కారుకి తగిలిస్తారు, మోటర్‌హోమ్‌ని మెల్లగా ముందుకి నడిపితే అవి పూర్తిగా సాగి ‘టక్’మని లాక్ అవుతాయి. రోడ్‌మాస్టర్, బ్లూ ఆక్స్, డెమ్కో ఈ రంగంలో పాత పేర్లు. రోడ్‌మాస్టర్ నైట్‌హాక్ 8,000 పౌండ్లది, బ్లూ ఆక్స్ అవెయిల్ 10,000 పౌండ్లది. రాంగ్లర్‌కి ఏదైనా చాలు. కంపెనీ పేరు కన్నా చూడాల్సింది, ఎగుడుదిగుడు నేల మీద ఆగినా బిగుసుకోకుండా లాక్ విడిపోయే రకమా కాదా అన్నది. ఆ సౌకర్యం లేని బార్ కొంచెం వంపులో ఆగితే చాలు, పిన్ను రాదు. సుత్తి తీసుకుని కొట్టే పరిస్థితి వస్తుంది, సుత్తి పడ్డ పిన్ను తర్వాత నమ్మడానికి వీల్లేదు. అల్యూమినియం బార్ తేలిక, ఎత్తి పెట్టేటప్పుడు నడుముకి హాయి. ఇనుముది కొంచెం చవక. అంతకు మించి తేడా చూడక్కర్లేదు.

బేస్ ప్లేట్ కారు ఫ్రేముకి బిగించేది. ముందు బంపర్ మూత విప్పాలి, కొన్ని కార్లకి లోపలి ప్లాస్టిక్ కోయాలి కూడా. టో బార్ ఏ కంపెనీదో బేస్ ప్లేటూ అదే కంపెనీది ఉంటే అడాప్టర్ల గొడవ ఉండదు. మొదటి ట్రిప్పు తర్వాత బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో ఒకసారి చూడాలి.

ఎత్తు సంగతి చాలామంది వదిలేస్తారు. బండిలో సామాన్లన్నీ నింపాక, నేల నుంచి రిసీవర్ రంధ్రం మధ్యకి ఎంతో, నేల నుంచి బేస్ ప్లేట్ తగిలే చోటికి ఎంతో కొలవండి. తేడా 3 అంగుళాల లోపు ఉండాలి, కొన్ని కంపెనీలు 4 వరకు ఒప్పుకుంటాయి. ఎక్కువైతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు బార్ కారుని నేరుగా నెట్టదు. ఏటవాలుగా పైకెత్తుతుంది లేదా కిందికి తొక్కుతుంది, కారు బండి వెనక్కి దూసుకొచ్చే ప్రమాదం ఉంది. తేడా అంతకు మించితే డ్రాప్ రిసీవర్ (ఎత్తు సరిచేసే అడాప్టర్) వేయాలి, దాని రేటింగ్ చూసుకునే.

బ్రేకు దగ్గర డబ్బు మిగల్చకండి

మోటర్‌హోమ్ బ్రేకుల్ని దాని సొంత బరువు ఆపడానికి తయారుచేస్తారు, వెనక నాలుగు వేల పౌండ్లతో కలిపి ఆపడానికి కాదు. కారు బరువు 3,000 పౌండ్లు దాటితే దానికీ బ్రేకు పడాలని చాలా రాష్ట్రాల చట్టం. చట్టం లేని చోట కూడా భౌతికశాస్త్రం ఉంటుంది.

పెట్టె రకం బ్రేకుని డ్రైవర్ సీటు ముందు నేల మీద పెట్టి, దాని చేతిని బ్రేకు పెడల్‌కి తగిలిస్తారు. బండి నెమ్మదించడం పసిగట్టి పెడల్ నొక్కుతుంది. కారు మార్చినా పెట్టె మీదే, అదే దీని పెద్ద లాభం. ప్రతిసారీ పెట్టాలి, తీయాలి. పెట్టేముందు ఇంజిను ఆపి పెడల్‌ని నాలుగైదు సార్లు తొక్కి బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ పోగొట్టాలి. అది మరిచిపోతే పెట్టె కొంచెం నొక్కినా బ్రేకు గట్టిగా పట్టేస్తుంది. సీటు సరిగా జరపకపోయినా, కింద మ్యాట్ జారినా పెడల్ కాస్త నొక్కుకునే ఉండిపోతుంది, కారు బ్రేకులు మైళ్ల తరబడి రాసుకుంటాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, క్షేమం కోసం పెట్టిన బ్రేకే చక్రాల దగ్గర మంట పెట్టగలదు. మోటర్‌హోమ్ డాష్‌బోర్డ్ మీద దాని లైటు కనిపించేలా పెట్టుకోవడం అందుకే.

శాశ్వతంగా బిగించే రకం కారులో కనిపించకుండా ఉంటుంది. తగిలించేటప్పుడు ఒక కేబులో గొట్టమో కలిపితే చాలు, మరిచిపోవడానికి ఏమీ ఉండదు. ఎయిర్ బ్రేకులున్న డీజిల్ పుషర్ అయితే ఆ గాలితోనే నడిచే ఎయిర్ ఫోర్స్ వన్ లాంటిది బాగుంటుంది. డ్రైవర్ ఎంత తొక్కితే కారుకీ అంతే పడుతుంది. అదే కారు అయిదారేళ్లు వాడేవాళ్లకి శాశ్వత రకమే సరైనది.

మూడోది కరెంటు అక్కర్లేని సర్జ్ బ్రేకు. రెడీ బ్రూట్ ఎలీట్ అనే 8,000 పౌండ్ల బార్‌లో ఇది కలిసే వస్తుంది. కారు ముందుకి నెట్టే ఒత్తిడి ఒక తీగ ద్వారా పెడల్‌ని లాగుతుంది. ధర తక్కువ, చెడిపోయే భాగాలూ తక్కువ. లోపం కొండ దిగేటప్పుడు: మీరు కింది గేర్‌లో ఇంజిను బ్రేకింగ్‌తో దిగుతుంటే కారు నెడుతూనే ఉంటుంది కాబట్టి దాని బ్రేకు కూడా పట్టుకునే ఉంటుంది. రాకీ పర్వతాల్లో కిందికి దిగే పొడుగాటి వాలు రోడ్లు మీ దారిలో ఎక్కువుంటే ఇది వద్దు.

ఏ రకమైనా బ్రేక్‌అవే స్విచ్ తప్పనిసరి. కారు ఊడిపోతే దాని పిన్ను లాగబడి బ్రేకు పడాలి. ఆ తాడుని మోటర్‌హోమ్ ఫ్రేముకి కట్టాలి. టో బార్‌కి కడితే, బార్ రిసీవర్ నుంచి ఊడినప్పుడు తాడూ కారుతోనే పోతుంది, పిన్ను రాదు. నెలకోసారి పిన్ను చేత్తో లాగి పెడల్ దిగుతోందో లేదో చూడండి. పెట్టె రకం లాంటి కరెంటు బ్రేకులు పనిచేసేది కారు బ్యాటరీతో. స్టీరింగ్ తాళం పడకుండా తాళంచెవి యాక్సెసరీలో ఉంచితే ఎనిమిది గంటల ప్రయాణంలో బ్యాటరీ దిగిపోవచ్చు. మోటర్‌హోమ్ నుంచి కారు బ్యాటరీకి చార్జింగ్ వైరు ఒకటి లాగించుకుంటే ఆ బెంగ తీరుతుంది.

లైట్లకి డయోడ్ కిట్ వేయించండి. మోటర్‌హోమ్ కరెంటు కారు టెయిల్ లైట్లకి వెళ్తుంది, వెనక్కి మళ్లి కారు ఎలక్ట్రానిక్స్‌లోకి చొరబడకుండా డయోడ్ ఆపుతుంది. అయస్కాంతంతో అంటించే లైట్లు పెయింట్ గీస్తాయి, వైరు గాలికి కొట్టుకుంటుంది. అవి అప్పుడప్పుడు వాడేవాళ్లకే.

తగిలించే వరస

చదునైన చోట, కారుని బండి వెనక తిన్నగా నిలబెట్టండి. బార్ చేతులు, పిన్నులు, క్లిప్పులు ముందు. తర్వాత సేఫ్టీ కేబుల్స్, బార్ కింద ఒకదాన్నొకటి దాటేలా: బార్ ఊడినా దాని ముక్కు నేలకి గుచ్చుకోకుండా ఆ ఇంటూ గుర్తు పట్టుకుంటుంది. మలుపులో బిగుసుకోనంత పొడుగు, నేలకి రాయనంత పొట్టి ఉండాలి. ఆ తర్వాత కరెంటు కేబుల్, బ్రేక్‌అవే తాడు, బ్రేకు.

గేర్ల పని కారుని బట్టి. 2014 సీఆర్‌-వీలో ఇంజిను నడుస్తుండగా డీలో అయిదు సెకన్లు ఉంచి, ఎన్‌లోకి తెచ్చి, మూడు నిమిషాలు నడవనిచ్చి ఆపాలి. 65 మైళ్ల స్పీడు దాటకూడదు, ఎనిమిది గంటలకోసారి ఇదంతా మళ్లీ చేయాలి. రాంగ్లర్‌లో ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో పడిందని తెలుసుకోవాలంటే, ఇంజిను నడుస్తుండగా బ్రేకు వదిలి రివర్స్, తర్వాత డ్రైవ్ వేసి చూడాలి. కారు కదలకూడదు. లీవర్ ఎన్ దగ్గరుంది కదా అని ఈ పరీక్ష మానేసినవాళ్లే గేర్‌బాక్సులు పోగొట్టుకుంటారు.

చివరిగా హ్యాండ్ బ్రేకు దించారా? మరిచిపోతే వెనక టైర్లు పొగలొచ్చేదాకా తెలియదు. బటన్ రకం హ్యాండ్ బ్రేకున్న కార్లలో ఇంజిను ఆపగానే అదే పడిపోవచ్చు, కాబట్టి కళ్లతో చూడాల్సిందే. ఒకరు పక్కన నిలబడి చూస్తుండగా యాభై అడుగులు ముందుకి నడపండి. బార్ రెండు వైపులా లాక్ అవ్వాలి, కారు చక్రాలు నాలుగూ తిరగాలి, ముందు చక్రాలు స్టీరింగ్‌తో పాటు అటూ ఇటూ స్వేచ్ఛగా మళ్లాలి.

దారిలో కారు టైరు పంచరైతే పది టన్నుల బండి నడుపుతున్నవాళ్లకి ఆ తేడా తెలియదు. రిమ్ము నేలకి రాసుకునే దాకా లాక్కెళ్తారు. కారు టైర్లకీ ప్రెషర్ సెన్సర్లు పెట్టి మానిటర్‌ని ముందు పెట్టుకోండి, వెనక కెమెరా వేసే ఉంచండి. మొదటిసారి పది మైళ్లకే ఆగి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూడండి. ఒకటి మిగతావాటికన్నా ఎక్కువ కాలుతుంటే బ్రేకు పట్టుకుందన్నమాట.

టో బార్‌తో వెనక్కి తీయకూడదు. ముందు చక్రాలు ఒక్కసారిగా పక్కకి తిరిగిపోయి, అడ్డం పడి బార్ చేతుల్ని వంచేస్తాయి. పెట్రోలు బంకులోకి దూరేముందు బయటికి దారి చూసుకోండి. ఇరుక్కుంటే రోడ్డు మీదైనా సరే, కారు విప్పాకే వెనక్కి. క్యాంప్‌గ్రౌండ్‌లో కూడా ఆఫీసు దగ్గర తిన్నటి రోడ్డు మీదే విప్పేయడం మేలు, సైటులోకి మలుపు తిరిగాక విప్పాలంటే చేతులు బిగుసుకుంటాయి.

పాతవి కొనే ఆలోచన ఉంటే: టో బార్ పాతదైనా ఫరవాలేదు, చేతులు నున్నగా లోపలికీ బయటికీ జారుతున్నాయా, లాక్ గట్టిగా పడుతోందా, పిన్ను రంధ్రాలు అండాకారంలో సాగాయా చూసుకోండి. పెట్టె బ్రేకు కూడా పాతది తీసుకోవచ్చు, అమ్మేవాళ్ల ముందే నడిపించి చూసి. సేఫ్టీ కేబుల్స్, పిన్నులు, క్లిప్పులు మాత్రం కొత్తవే. పాత బేస్ ప్లేట్ మీ కారు మోడల్‌దే అయినా తీసుకోకండి. దాన్ని విప్పిన కారు ఎక్కడ గుద్దుకుని స్క్రాప్‌కి వెళ్లిందో ఎవరూ చెప్పరు.